చిత్తుపని దిద్దరాదు

ఫిబ్రవరి 11

ఇది కాగితం మీద, సిరాతో రాస్తున్నాను. పక్క ఫ్లాటు ఖైరున్నీసా ఎక్కడినుంచో పాత గోడ క్యాలెండర్లు తెచ్చిస్తే వాటి వెనకవైపు వాడుకుంటున్నాను. పలక మీద రాస్తే సౌమ్యం అనే మర్యాద యంత్రం చదువుతుంది. చదివి ఊరుకోదు, సరిచేస్తుంది, నా కోపం మీద చక్కెర చల్లుతుంది. డెబ్బై ఎనిమిదేళ్లు వచ్చాక మనిషికి సొంతమని చెప్పుకోడానికి మిగిలేది కోపమొక్కటే. దాన్ని కూడా ఇచ్చుకోలేను.

తెల్లవారుజామున నీళ్లొచ్చాయి. రెండు బిందెలు పట్టి, కిటికీలకు కట్టిన వట్టివేళ్ల తడికలు తడిపాను. పదింటికి ఎండ సైరన్ మోగింది. ఇక సాయంత్రందాకా హనుమకొండలో ఎవరూ గడప దాటరు, దాటితే చర్మం మిగలదు. ఆ వేళకే అంగారకుడి నుంచి జవాబుపత్రాలు దిగుతాయి. అక్కడినుంచి ఇక్కడికి రావడానికి వాటికి పావుగంట చాలు. సౌమ్యం దాటి నా పలక మీదికి రావడానికి మాత్రం రెండు రోజులు. వెలుగు కంటే మర్యాద నెమ్మదిగా నడుస్తుంది.

లోకాంతర విద్యాపీఠంలో నేను గాలి లెక్కల ట్యూటర్ని. పాఠం యంత్రమే చెబుతుంది. దిద్దేది మాత్రం మనిషై ఉండాలని ఎవడో తెలివైనవాడు ఒకప్పుడు చట్టం చేశాడు కనుక వీరభద్రమనే నన్ను ఇంకా సాగనంపలేదు.

ఈరోజు మళ్లీ దుర్గం సారక్క పత్రం వచ్చింది. ఉత్తర మంచుబావిలో తవ్వకం పని, వయసు ఇరవై ఆరు. గాలికాపరి పరీక్షకు చదువుతోంది. బావి కూలినప్పుడు దాపుగదిలోకి ఎవరిని రానివ్వాలో, తలుపు ఎప్పుడు మూయాలో చెప్పేది గాలికాపరే. ఆ మాటకు తిరుగుండదు.

లెక్క ఇది. దాపుగదిలో, సాయం వచ్చేదాకా పన్నెండు మందికి సరిపడా గాలి ఉంది. తలుపు తెరిచిన ప్రతిసారీ ఒక మనిషి గాలి బయటికి పోతుంది. మొదట ఐదుగురు వచ్చారు, తర్వాత నలుగురు, ఆఖర్న ఇద్దరు. ఎంతమందిని కాపాడగలవు?

తొమ్మిది మందిని. మూడోసారి తలుపు తీస్తే గాలి తొమ్మిది మందికే మిగులుతుంది, మనుషులు పదకొండు మంది అవుతారు. అందరూ చస్తారు. పదేళ్ల పిల్లకు కూడా తెలిసే లెక్క. సారక్క మాత్రం తలుపు గాలి ఒక్కసారే తీసేసి పదకొండని రాసింది. పోయిన నెలా ఇంతే, అంతకుముందూ ఇంతే.

రాశాను: “తప్పు. ఇదే తప్పు, మళ్లీ మళ్లీ. గాడిదకు గాలి లెక్క నేర్పితే ఈపాటికి పాసయ్యేది. నిన్ను గాలికాపరిని చేస్తే నీ బావిలో వాళ్లంతా నీ చేతుల్లోనే చస్తారు.”

ఫిబ్రవరి 14

జవాబు వచ్చింది. “గౌరవనీయులైన గురువర్యా, మీ అమూల్యమైన సూచనలు నాకు మార్గదర్శకాలు. మరింత శ్రద్ధ వహిస్తాను. సదా కృతజ్ఞురాలిని.”

ఒక మనిషిని గాడిదంటే సదా కృతజ్ఞురాలినంటుంది! ఇలాంటి నంగిరి మనుషుల మీద నాకు జాలి కూడా లేదు. సౌమ్యం మా మాటల్ని “స్వల్పంగా” మెత్తబరుస్తుందని ఎనిమిదేళ్ల కింద విద్యాపీఠం చెప్పింది. ఆ సమావేశంలో వద్దని లేచి నిలబడ్డది నేనొక్కణ్నే. పరాంకుశం రంగనాయకి అప్పుడే డీన్ అయింది. “వీరభద్రం సార్ భాష విద్యార్థి ఎదుగుదలకు ఆటంకం” అని నా మొహం మీదే చదివింది. చుట్టూ కూచున్నవాళ్లలో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్లే. బల్లకేసి చూశారు. ఎవరెవరో ఇంకా గుర్తుంది, అందరూ నాకంటే పెద్ద జీతాల్లో ఉన్నారు.

ఫిబ్రవరి 27

మళ్లీ పదకొండే.

ఈసారి తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది. అసలు ఆ పదకొండు ఎట్లా వస్తోందో చూద్దామనిపించింది. అందుకని చిత్తు తెరిచాను.

మన దగ్గర జవాబుపత్రమంటే కుడిపక్క గీత కొట్టి చిత్తుపనికి చోటు వదలాల్సిందే. లెక్క అక్కడ కిందామీదా పడి చేసి, అడ్డంగా ఒక్క గీత కొట్టేస్తే దిద్దేవాడు దాన్ని చూడడు. “చిత్తుపని దిద్దరాదు” అన్నది మా తాతల నాటి నియమం. కాగితం పోయి పలక వచ్చినా గీత పోలేదు, నియమమూ పోలేదు. కాకపోతే పలక మీద ఆ భాగం మడతపడి ఉంటుంది, వేలితో లాగితే గానీ తెరుచుకోదు. ఎవరూ లాగరు.

లాగితే ఒక బొమ్మ కనిపించింది. దాపుగది తలుపు ముందు పదకొండు మంది పుల్లమనుషులు చేతులు పట్టుకుని నిలబడ్డారు. కింద రాత:

“అందరం వచ్చినంకనే తలుపు. ఒక్కటే తలుపు, ఒక్క మనిషి గాలి. పన్నెండుల ఒకటి పోతే పదకొండు. ప్రతిసారి మంచిగుందంటడు సారు, మరి ముందటి పాఠానికి ఎందుకు పంపుతలేడో సమజైతలేదు.”

పక్కన ఇంకో చేతిరాతలో ఒక ముసలాడి బొమ్మ. నోట్లోంచి పూలు రాలుతున్నాయి. కింద: “అక్క సారు. గీసినోడు రాజలింగు.”

ఆ బొమ్మను చాలాసేపు చూస్తూ కూచున్నాను. నోట్లోంచి పూలట! నా నోట్లోంచి! నేను రాసిందొక్కటీ ఆ పిల్లకు చేరలేదు. ఆమె చెప్పిందొక్కటీ నాకు చేరలేదు. రెండు శవాలను సింగారించి ఎదురెదురుగా కూచోబెట్టినట్టు కూచోబెట్టారు మమ్మల్ని.

సౌమ్యం చిత్తు జోలికి పోదు. దిద్దరాదన్నారు కనుక దిద్దదు. నేను కూడా కుడిపక్కనే రాశాను: “నేనెన్నడూ మంచిగుందని రాయలేదు. తప్పని రాశాను. నీకేమని వచ్చింది?” అడ్డంగా ఒక్క గీత కొట్టి పంపాను.

మార్చి 4

ఎడమపక్క: “గురువర్యా, మీ స్ఫూర్తికి వందనాలు.”

కుడిపక్క:

“సారూ! నిజంగ మీరేనా? నేను గీత కొట్టింది ఎవ్వలు సూడరనుకున్న. సిగ్గు తీసింది పో. మీరు రాసిందని నాకొచ్చిందేందంటే: ‘అద్భుతమైన ప్రయత్నం! తీరిక ఉన్నప్పుడు తలుపు గురించి కూడా ఆలోచించి చూడండి.’ నాకు తీరికేడిది సారూ, రెండు షిఫ్టులాయె. ఇంతకు మీరు అసలేమన్నరో ఉన్నదున్నట్టు రాయుండ్రి. కోపానికొచ్చేదాన్ని గాను.”

ఉన్నదున్నట్టు రాశాను, గాడిద సహా.

మార్చి 8

“సారూ, గాడిద మాట మా తమ్ముడు రాజలింగు షిఫ్టు మొత్తానికి సదివి ఇనిపిచ్చిండు. అందరు పొట్ట పట్టుకుని నవ్విన్రు. ఒకలు గట్టిగ తిట్టక ఎన్నేండ్లాయె! ఈడ మా పని చూసే ఓవర్‌మెన్ గూడ సౌమ్యంల నుంచే మాట్లాడుతడు. పైకప్పు కూలుతుంటె గూడ ‘దయచేసి జరగండి’ అంటది. మావోడైతె నాకు గాడిదక్క అని పేరు వెట్టిండు. మీరు జర తిట్టుకుంటనే చెప్పుండ్రి, యాదుంటది.

ఇగ లెక్క సంగతి. మీ పుస్తకంల ఐదుగురొస్తరు, నలుగురొస్తరు, ఇద్దరొస్తరు. మా బాయిల గట్ల రారు సారూ. తలుపు కాడ అందరు జమైనంకనే తీస్తరు. మా తాతలు మంచిర్యాల దిక్కు బొగ్గుబాయిల దిగినప్పటి సంది గిదే లెక్క. దిగితె అందరం, ఎక్కితె అందరం. ఒకల్ని లోపటేసుకుని ఒకల్ని బయట వెట్టుడు మాకు తెల్వదు.”

ఇంతకాలం నేను దిద్దింది తెలివితక్కువతనం కాదు. ఒక ఊరి నీతి. అయినా లెక్క లెక్కే. రాశాను: “మీ తాతలు బొగ్గుబావిలో ఆగగలిగారు, ఎందుకంటే అక్కడ బయట కూడా గాలి ఉండేది. అక్కడ బయట ఏముంది? ముందొచ్చినవాళ్ల గాలిచొక్కాలు చిరిగి ఉంటే ఎంతసేపు ఆపుతావు? మీ నీతి మంచిదే. అది పనికిరాని రోజు కోసమే గాలికాపరి. ఆ రోజు రాదనుకుంటే నీకు పరీక్షే అక్కర్లేదు, పో.”

ఏప్రిల్ 2

రంగనాయకి ఇవాళ స్వయంగా వచ్చింది. సైరన్ కంటే ముందే, చల్లచొక్కా వేసుకుని, చేతిలో పూలగుత్తితో. ఖైరున్నీసా చాయ్ తెచ్చింది. ఆమె పని ఆ చల్లచొక్కాలు బాగుచేయడమే గనక చాయ్ ఇస్తూనే డీన్ భుజం మీద కుట్టు పరీక్షించింది.

“మేడం, కుట్టు ఊడుతోంది. ఎంతకు కొన్నరో గానీ మిమ్మల్ని మోసం చేసిన్రు.”

“అవునా? బాగుచేస్తారా?”

“చేస్త. ముందు మా సార్‌తోని మాట్లాడుండ్రి. పొద్దున్నించి ఆయన మొహం ఉడుకుతున్న కుండ లెక్కుంది.”

రంగనాయకి కూర్చుని నవ్వింది. “సార్, మీరు రాసిన ధన్యవాద లేఖలన్నీ అందాయి. ట్యూటర్లలో మీ అంత కృతజ్ఞత చూపినవాళ్లు లేరు. విద్యాపీఠం మిమ్మల్ని సత్కరించాలనుకుంటోంది.”

అవి ఫిర్యాదులు. ఫిబ్రవరి చివరి నుంచి రోజు విడిచి రోజు రాసిన ఫిర్యాదులు!

ఖైరున్నీసా పకపకా నవ్వి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

“రంగనాయకీ, ఇక్కడ పలక లేదు. మధ్యలో సౌమ్యం లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నా, విను. నువ్వు దొంగవి. ఆ పిల్లల దగ్గర నిజం దొంగిలిస్తున్నావు.”

ఆమె ముఖంలో నవ్వు పోయింది గానీ కోపం రాలేదు. “మూలప్రతులు నేను చదువుతాను సార్. మీరు ఏం రాశారో తెలుసు. అందుకే ఫోన్ చేయకుండా వచ్చాను.”

“తెలిసీ ఎందుకీ వేషం?”

“సౌమ్యం లేనప్పుడు ఒక ట్యూటర్ ఒక కుర్రాడికి రాసింది, ‘నీకు ఈ జన్మలో లెక్కలు రావు, వేరే పని చూసుకో’ అని. ఒకే ఒక్క వాక్యం. ఆ కుర్రాడు షిఫ్టు అయ్యాక గాలిచొక్కా విప్పి మడతపెట్టి, తలుపు తీసుకుని బయటికి నడిచాడు.”

“అతను నా విద్యార్థి కాడు.”

“కాడు సార్. నా విద్యార్థి.”

ఆమెను ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో ఎనిమిదేళ్లుగా వెతుకుతున్నవాణ్ని. చోటు దొరికింది, కొట్టాను. “అంటే నీ తప్పుకు లోకమంతటి నోరూ కుట్టేశావన్నమాట. కొండనాలుకకు మందేయబోయి ఉన్న నాలుక ఊడగొట్టావు.”

ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “మీ కుడిపక్క రాతలు కూడా చూశాను సార్. నేను ఆపడం లేదు, ఎందుకంటే ఆ అమ్మాయి నేర్చుకుంటోంది. కానీ ఒక మాట. అక్కడ మీ మాటకు అడ్డం ఏమీ లేదు. గుర్తుంచుకోండి” అంది.

ఆమె పోయాక ఖైరున్నీసా గ్లాసులు తీస్తూ, “గెల్చిన్రా సార్?” అని అడిగింది. “గెల్చినోళ్ల మొహం గిట్లుండదు” అని తనే చెప్పుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్ 19

సారక్క ఒప్పుకుంది. ఒప్పుకోవడం అనరాదేమో. “మీరు చెప్పింది రాత్రంత తమ్మునితోని కొట్లాడి కొట్లాడి సమజ్ చేసుకున్న సారూ. వానికి నాకంటె ముందుగల్ల సమజైంది. ‘అక్కా, ఆగనీకి వీలైతె ఆగుదం, వీలుగాకపోతె లెక్క జేద్దం’ అన్నడు. సదువు నాదా వానిదా?” అని రాసింది.

లెక్క సరిగ్గా చేసింది. తొమ్మిది.

అప్పుడు ఇంకొకటి చెప్పాను. “ఇది పుస్తకంలో లేదు, నాది. లెక్కంతా అయ్యాక ఒక మనిషి గాలి పక్కన పెట్టు. మనిషి భయపడితే ఇద్దరి గాలి పీలుస్తాడు, ఆ సంగతి పుస్తకం రాసినవాడికి తెలియదు. ఎవరొచ్చినా, ఏమన్నా ఆ పక్కన పెట్టింది ముట్టకు. ముట్టావంటే ఈ లోకంలో పుట్టని తిట్లు తిడతాను.”

ఆమె ఆ మాట పెద్ద అక్షరాలతో తిరిగి రాసి పంపింది: పక్కకు వెట్టింది ముట్టవద్దు. పక్కనే రాజలింగు కొత్త బొమ్మ. ఈసారి ముసలాడి నోట్లోంచి రాళ్లు పడుతున్నాయి. ముక్కు మాత్రం అచ్చం నాదే. నా ముక్కు వాడికెట్లా తెలిసిందో!

మే 30

సారక్క పాసయింది. రెండో షిఫ్టుకు గాలికాపరి. తమ్ముడిదీ అదే షిఫ్టు.

కుడిపక్క రాశాను: “ఎంత వెతికినా ఈసారి తిట్టడానికి ఏమీ దొరకలేదు.”

“మా రాజలింగు మొహం వేలాడేసుకున్నడు సారూ, తిట్లు లేకుంటె ఏం సదవాలె అని. వానిగ్గూడ పరీక్ష కట్టిస్త. మీ దగ్గరికే పంపుత, గట్టిగ అర్సుకోండ్రి. మా అవ్వ ఉంటె మీకు సర్వపిండి చేసి పంపుతుండె. పొడి మూటగట్టినా గాడికొచ్చేటాలకు మేము ముసలోళ్లమైతం.”

సాయంత్రం ఖైరున్నీసాను బతిమాలి బియ్యప్పిండి సంపాదించాను. ఇన్నేళ్లలో మొదటిసారి పొయ్యి మీద సర్వపిండి పెట్టుకున్నాను. ఒకవైపు మాడింది. తిన్నాను. రుచిగానే ఉంది.

ఈ క్యాలెండర్ల వెనక నేను రాయదలుచుకున్నది ఒక్కొక్కరి మీద నాకున్న పగలు. ఇవాళ ఒక్కటీ గుర్తుకు రాలేదు.

జులై 16

విద్యాపీఠం నుంచి పలక మీద ప్రకటన. “ఉత్తర మంచుబావి రెండో షిఫ్టులో ఒక అభ్యాస సందర్భం ఏర్పడింది. మీ విద్యార్థిని దుర్గం సారక్క తాను నేర్చుకున్న విద్యను విజయవంతంగా వర్తింపజేశారు. ఎనిమిది మంది సురక్షితం. అభినందనలు!”

అభ్యాస సందర్భమట. పైకప్పు కూలింది అనడానికి నోరు రాలేదు దానికి. ఎనిమిది మంది సురక్షితమంటే మొత్తం ఎందరు? షిఫ్టులో ఎందరో నాకు తెలియదు. రాశాను, అడిగాను, కుడిపక్కా ఎడమపక్కా అడిగాను. తడికలు తడపడం మరిచిపోయాను. మధ్యాహ్నానికి గది కొలిమిలా అయింది. ఖైరున్నీసా వచ్చి తనే తడిపింది.

జులై 21

ఎడమపక్క: “గురువర్యా, మీ శిక్షణ వల్ల ఒక క్లిష్ట సందర్భాన్ని అధిగమించగలిగాను. సదా కృతజ్ఞురాలిని.”

కుడిపక్క, వంకర టింకర అక్షరాలు. ఇక్కడ ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను:

“సారూ. తొమ్మిది మందిమి ఉంటిమి. ఆరుగురం ముందుగల్ల తలుపు కాడికొచ్చినం. అందరొచ్చేదాంక ఆగుదమనుకున్నం. ముగ్గురి గాలిచొక్కాలు చిరిగినయి, ఆగనీకి లేకపాయె. తీసిన. ఇంకొంచెం సేపటికి ఇద్దరొచ్చిన్రు. మల్ల తీసిన. ఎనిమిది మందిమైనం. రాజలింగు రాలే.

అటెన్క వచ్చిండు. ఒక్కడే. తలుపు మీద రెండుసార్లు కొట్టిండు.

లెక్క చేసిన సారూ. పన్నెండుల రెండు పోయినయి, వాని కోసం తీస్తె మూడు. తొమ్మిది మిగులుతది. మీరు చెప్పింది పక్కకు వెడితె ఎనిమిది. మనుషులం తొమ్మిది మందిమైతం. మల్లొకసారి చేసిన. గంతనే వచ్చింది.

మాటతీగెల నుంచి వానికి లెక్క చెప్పిన. ఇంకేం చెప్పాలె? నాకు వేరే మాట రాలే. వాడు ఇన్నడు. ‘గంతనే వస్తది అక్కా, నేను గూడ చేసిన’ అన్నడు. పక్కకు వెట్టింది తీస్త అన్న. ‘ముట్టకు, సారు తిడుతడు’ అన్నడు. నవ్విండు సారూ.

లోపట ఎవ్వలు ఏడ్వలే. ఏడిస్తె గాలి కర్సైతదని.

సాయం యాళ్లకే వచ్చింది. గాలిముల్లు తలుపు మూసినప్పుడు ఏడున్నదో, సాయమొచ్చినప్పుడు ఏడున్నదో కింద రాసిన. మీరొక్క లెక్క చేసి పెట్టాలె. పక్కకు వెట్టిన గాలి కర్సైందా, మిగిలిందా? అది కర్సైతె నా తమ్ముడు లోపటికొచ్చినా అందరం పోయేటోళ్లం. మిగిలితె వాడు బతుకుతుండె. నేను చేద్దామంటె చేతులాడ్తలేవు. మీరు అబద్ధమాడరు. అందుకే మిమ్మల్నే అడుగుతున్న.”

జులై 22

లెక్క చిన్నది. ముల్లు ఉన్న చోట్లు రెండు, మనుషులు ఎనిమిది మంది. అంతే.

చేశాను. మళ్లీ కొత్త క్యాలెండర్ కాగితం తీసి మొదటినుంచి చేశాను. ఎక్కడైనా తప్పు చేసి ఉంటే బాగుండునని బతుకులో మొదటిసారి కోరుకున్నాను.

పక్కన పెట్టిన గాలి పక్కన పెట్టినట్టే ఉంది. ఎవరూ భయపడలేదు. ఎవరూ ఇద్దరి గాలి పీల్చలేదు. ఎనిమిది మంది మనుషులు ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఏడుపు మింగుకుని, కొలిచినట్టు ఊపిరి పీలుస్తూ కూచున్నారు. మూడోసారి తలుపుకు పోయేది తీసేసినా ఒక మనిషి గాలి అట్లాగే మిగిలింది. పుస్తకంలో లేని గాలి అది. నాది.

సారక్క తప్పేమీ లేదు. ఆ క్షణాన ఎవరికీ తెలిసే వీలు లేదు. పక్కన పెట్టమని చెప్పడం కూడా తప్పు కాదు, ఇంకో బావిలో, ఇంకో రోజున అదే ఎనిమిది మందినీ బతికించేది. ఇవన్నీ రాయవచ్చు, ఇవన్నీ నిజాలే. కానీ ఆమె ఇవేవీ అడగలేదు. కర్సైందా, మిగిలిందా అని అడిగింది.

సాయంత్రం సైరన్ వేళ ముగిశాక ఖైరున్నీసా తలుపు తట్టింది. నిన్నటి నుంచి నేను గిన్నె కడగలేదని ఆమెకు చప్పుడును బట్టే తెలిసిపోతుంది. సంగతంతా చెప్పాను. కింద కూర్చుని విన్నది.

“ఏం రాయమంటావు?” అని అడిగాను.

“నన్నడుగుతున్నరా? ఇన్నేండ్లల్ల నన్ను చాయ్‌ల చక్కెర ఎంత అని గూడ అడగలే మీరు.”

“అడుగుతున్నాను.”

“గింత మెల్లగ అడుగుతున్నరంటె జవాబు మీకు తెలుసు సార్.” లేచి నిలబడి, “ఆ పిల్లకు ఇంక చాన రోజులున్నయి. మీకు లెవ్వు. ఎవరు మోస్తె మంచిదో మీరే చూడుండ్రి” అని గిన్నెలు తీసుకుని వెళ్లింది.

కుడిపక్క రాశాను: “ఖర్చయిపోయింది. అతన్ని రానిచ్చి ఉంటే అందరూ పోయేవాళ్లు.”

అడ్డంగా ఒక్క గీత కొట్టి పంపాను.

డెబ్బై ఎనిమిదేళ్లు నేను ఎవరికీ మెత్తటి మాట చెప్పలేదు. అందుకు మిత్రుల్ని పోగొట్టుకున్నాను, ఉద్యోగాలు పోగొట్టుకున్నాను, పోగొట్టుకున్నానని గర్వపడ్డాను. రంగనాయకి తన యంత్రాన్ని లోకమంతటికీ పెట్టింది. నేను ఒక్క మనిషికి పెట్టాను. అది కూడా మాకున్న ఒకే ఒక్క శుభ్రమైన చోట. ఆ కుర్రాడికి ఆ వాక్యం రాసినరోజు రంగనాయకి ఎట్లా నిద్రపోయిందో అడగాలనిపించింది. ఫోన్ తీశాను. నేనేమన్నా అవతలికి పూలే రాలతాయని గుర్తొచ్చి పెట్టేశాను.

జులై 26

నీళ్లు రాలేదు. నిన్నటి బిందెలో సగముంటే దాంతోనే తడికలు తడిపాను. పదింటికి సైరన్. పలక మీద పత్రం.

ఎడమపక్క: “గురువర్యా, మీ సమాధానం నాకు సంపూర్ణమైన స్పష్టతను ఇచ్చింది. హృదయపూర్వక ధన్యవాదాలు.”

కుడిపక్కను లాగడానికి వేలు చాలాసేపు సాహసించలేదు. ఆఖరుకు లాగాను. బొమ్మలేవీ లేవు. అక్షరాలు ఈసారి సరిగ్గా ఉన్నాయి, పరీక్షలో రాసినట్టు.

“సారూ, జవాబు ఒక్కటే రాసిన్రు. చిత్తు చూపెట్టలే.”

దాని కింద చాలా చోటు వదిలింది. అట్టడుగున, చిన్నగా:

“వద్దు తియ్యుండ్రి. చూపెట్టకుండ్రి.”

రెండింటి మీదా కలిపి ఒక్క గీత కొట్టి ఉంది.